సూది వేసిన రోజు రాత్రి: షెల్టర్ పనివాళ్లకు ఏ సాయం ఎప్పుడు అక్కరకొస్తుంది

"అక్కా, ఇయ్యాల నన్ను పట్టుకోమనకు."

మా కుక్కల షెల్టర్‌లో పనిచేసే పిల్లవాడు ఒకరోజు పొద్దున్నే అన్న మాట ఇది. ములుగు రోడ్డు మీద లారీ తగిలి నడుము విరిగిన కుక్కను అంతకు నాలుగు రోజుల ముందు తెచ్చాం. వెనక కాళ్లు రెండూ చచ్చుబడ్డాయి. మూత్రం ఎప్పుడు పోతుందో దానికే తెలియడం లేదు. ఆ నాలుగు రోజులూ పాలన్నం కలిపి పెట్టిందీ, తడిసిన గోనెసంచి మార్చిందీ, ఈగలు వాలకుండా చూసిందీ అతనే. ఐదో రోజు డాక్టరు గారు ఇక లాభం లేదన్నారు. బాధ లేకుండా ప్రాణం పోయే సూది వేసేటప్పుడు కాలు పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. "ఒకటి రెండు సార్లయితే అలవాటైతది లే" అని నేనే అతన్ని లోపలికి పంపాను. పట్టుకున్నాడు. ఏడవలేదు. మూడు వారాలకు పని మానేశాడు. నేను ఫోన్ చేస్తే ఎత్తలేదు.

అలవాటవుతుందని ఆ రోజు నేను నిజంగానే నమ్మాను. ఇప్పుడు నమ్మను. తర్వాతి ఆరేళ్లలో హనుమకొండ చుట్టుపక్కల, కరీంనగర్ వైపు ఇదే పని చేసేవాళ్లతో మాట్లాడుతూ, మా దగ్గర ఒక్కొక్కటీ చేసి చూస్తూ తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నాను. చిన్న షెల్టర్ నడిపేవాళ్లు, వీధికుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసే ఏబీసీ కేంద్రాల్లో పనిచేసేవాళ్లు, కుక్కల బండి డ్రైవర్లు, గుంత తవ్వేవాళ్లు, వీళ్లందరి ఇంటివాళ్లు చదవాలని నా కోరిక. ఉన్న దారులేమిటి, దేనికెంత ఖర్చవుతుంది, ఏది ఎవరికి సరిపోతుంది, మంచిదనుకున్నది ఎప్పుడు చెడు చేస్తుంది అన్నవే ఇందులో ఉంటాయి.

ముందు ఏ బాధో చూడండి

బయటికి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. మాట తగ్గుతుంది, అన్నం సయించదు, చిన్నదానికే చిరాకొస్తుంది. లోపల జరిగేది మాత్రం మనిషికో తీరుగా ఉంటుంది. అది తెలియకుండా సాయం ఎంచుకుంటే జ్వరానికి కట్టు కట్టినట్టే.

కొందరిది దుఃఖం. చేత్తో తినిపించిన జీవం పోయింది, అంతే. దానికి ఏడుపు కావాలి, నలుగురి తోడు కావాలి, కొంత కాలం గడవాలి. కొందరిది తప్పు చేశామన్న బాధ. మన ఊళ్లలో దీనికి పేరుంది: ఉసురు. "నోరు లేని జీవం ఉసురు పోసుకుంటున్నవ్ బిడ్డా" అని ఇంట్లో తల్లి ఒక్కసారి అంటే చాలు, ఆ మాట ఏళ్ల తరబడి వెంట వస్తుంది. తర్వాత ఇంట్లో పాపకు జ్వరమొచ్చినా, బండి మీద నుంచి పడినా ఆ కుక్కే గుర్తొస్తుంది. ఇంకొందరికి కళ్ల ముందు నుంచి పోని దృశ్యం. నిద్రలో ఉలిక్కిపడతారు, ఆ గది వైపు నడవలేరు, స్పిరిట్ వాసనకే చెమట పడుతుంది. మరికొందరిలో ఏమీ కనిపించదు. ఏ కుక్క వచ్చినా ఏమీ అనిపించదు, అంతే. మొద్దుబారిన ఈ చివరివాళ్లనే మనం గట్టివాళ్లని మెచ్చుకుంటాం. నాకు అందరికంటే ఎక్కువ టెన్షన్ పుట్టించేది వీళ్లే.

ఇది మన పిరికితనమేమీ కాదు. ప్రాణుల్ని చూసుకోవాలని వచ్చినవాళ్లే ప్రాణం తీయాల్సి రావడం వేరే రకమైన ఒత్తిడి అని, మామూలు పని ఒత్తిడితో దాన్ని కలపకూడదని బెర్నార్డ్ రోలిన్ అనే తత్వశాస్త్ర ఆచార్యుడు 1980లలోనే రాశారు. దానికి ఆయన పెట్టిన పేరు నైతిక ఒత్తిడి. 2005లో ఆస్ట్రేలియాలో పశువైద్యులు, నర్సులు, ప్రయోగశాలల సిబ్బంది, షెల్టర్ సిబ్బంది కలిపి 148 మందిని అడిగి చేసిన అధ్యయనంలో 11 శాతం మందిలో ఒక మోస్తరు ట్రామా (మనసుకు తగిలిన గాయం) లక్షణాలు కనిపించాయి. చుట్టూ ఉన్నవాళ్ల ఆసరా బాగుందన్నవాళ్లలో అవి తక్కువగా ఉన్నాయి. ఈ రెండో సంగతి గుర్తు పెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

మన దగ్గరి బరువు వేరు

నెట్‌లో దొరికే సలహాలన్నీ దాదాపుగా అమెరికా షెల్టర్లవి. అక్కడ గూళ్లు నిండిపోతే ఆరోగ్యంగా ఉన్న జంతువులకు కూడా సూది వేస్తారు, ఏటా లక్షల్లో. అక్కడివాళ్ల బాధంతా "బతకాల్సినదాన్ని చంపానే" అన్నది. మన దగ్గర చట్టం దానికి ఒప్పుకోదు. 2001 నాటి నియమాల స్థానంలో 2023 మార్చిలో వచ్చిన ఏబీసీ నియమాల ప్రకారం, నయం కాని జబ్బు ఉన్నవాటికీ, ప్రాణం మీదికొచ్చిన గాయాలున్నవాటికీ మాత్రమే సూది వేయాలి, అదీ అర్హత ఉన్న పశువైద్యుడి చేతనే, నొప్పి తెలియని పద్ధతిలో. ఇంకో కుక్క చూస్తుండగా చేయకూడదు. ప్రాణం పోయిందని రూఢి చేసుకున్నాకే పూడ్చాలి. జాగా లేదనీ, కరుస్తోందనీ, కాలనీవాళ్లు గొడవ చేస్తున్నారనీ సూది వేసే వీలు ఈ నియమాల్లో లేదు.

కాబట్టి మన పనివాళ్లకు ఎక్కువగా తగిలేది రెండో వైపు దెబ్బ. సూది వేసినందుకంటే వేయలేనందుకు. రేబిస్ ఉందని గట్టి అనుమానం ఉన్న కుక్కను విడిగా ఉంచి, తనంతట తాను పోయేదాకా ఆగాలని అవే నియమాలు చెబుతున్నాయి. సాధారణంగా 10 రోజుల లోపే పోతుంది. ఆ రోజులు చాలా పొడుగ్గా ఉంటాయి. మా దగ్గర గదులు కడిగే అక్క ఒక రాత్రి నాకు ఫోన్ చేసి, "దానికి గా బాధెందుకు, ఓ సూది ఇయ్యరాదూ" అని ఏడ్చింది. ఆమెకు "నువ్వు మంచి పనే చేశావు" అని చెబితే ఏం లాభం? ఆమె ఏమీ చేయలేకపోయినందుకే ఏడుస్తోంది. సోమవారం గాయంతో వచ్చిన కుక్కకు డాక్టరు దొరికేసరికి బుధవారం అయితే, ఆ రెండు రాత్రులు కావలి ఉన్నవాడి బాధా ఇలాంటిదే.

ఈ రకం బాధకు నేను చూసిన మందు, చేతికి ఒక పని ఇవ్వడం. ఐసోలేషన్ గది చీకటిగా, చప్పుడు లేకుండా ఉంచడం, వాకిలి తెరవకుండానే నీళ్లు లోపలికి పోయే ఏర్పాటు చేయడం, అలజడి తగ్గించడానికి ఏమైనా చేయవచ్చా అని డాక్టరుని మన ముందే అడగడం, రాత్రి కావలి ఒక్కరి మీదే పడకుండా పంచడం. నియమం ఎందుకలా ఉందో కూర్చోబెట్టి చెప్పడం కూడా. అందరికీ రేబిస్ ముందస్తు టీకా వేయించండి. దుఃఖంలో భయం కలిస్తే ఏది ఏదో తెలియకుండా పోతుంది, టీకా వేయించుకున్నవాళ్లకు కనీసం ఆ భయం తగ్గుతుంది.

మనిషిని గట్టిపరచడమా, పని తీరు మార్చడమా

ఎవరైనా నలిగిపోతున్నారంటే యాజమాన్యానికి మొదట తట్టేది కౌన్సెలింగ్. ఒక మేడమ్‌ని పిలిపించి గంటసేపు క్లాసు చెప్పించి, ఫోటో దిగి పంపేస్తారు. నా మాట: మనుషుల జోలికి పోయే ముందు ఆ గది జోలికి పొండి.

2007లో అమెరికా పశువైద్య సంఘం పత్రికలో షెల్టర్ల మీద ఒక అధ్యయనం వచ్చింది. సూది వేయడానికి విడిగా ఒక గది ఉన్నచోట, ఆ సమయంలో దగ్గరలో వేరే ప్రాణులు లేకుండా చూసినచోట, ఒకదాని కళేబరం తీసేశాకే ఇంకోదాన్ని లోపలికి తెచ్చినచోట సిబ్బంది పని మానేయడం తక్కువగా ఉందని తేలింది. ఈ మూడింటిలో ఒకటి, ఇంకో కుక్క ముందు చేయకూడదన్నది, మన నియమాల్లో ఉన్నదే. కుక్క కోసం పెట్టిన నియమం మనిషిని కూడా కాపాడుతోందన్నమాట.

మా దగ్గర దాణా బస్తాలు పెట్టే గదిని ఖాళీ చేసి సున్నం వేయించాం. ఒక బల్ల, మంచి లైటు, కిటికీకి పరదా, మడిచిన పాత దుప్పట్లు. మొత్తం 4 వేల రూపాయల లోపే. ఆ తర్వాత డాక్టరు గారిని బతిమాలి ఒప్పించింది ఏమిటంటే, ముందు మత్తు ఇచ్చి, అది పూర్తిగా నిద్రపోయాకే చివరి సూది వేయడం. పది నిమిషాలు ఎక్కువ పడుతుంది. గింజుకునే కుక్కను అదిమి పట్టుకోవడానికీ, నిద్రపోతున్న కుక్క తల మీద చేయి వేసి కూర్చోవడానికీ ఉన్న తేడా ఆ చేతికే తెలుస్తుంది. చేతులకు జ్ఞాపకం ఎక్కువ.

కొత్తగా వచ్చినవాళ్లకు ముందే చెప్పాల్సినవి కూడా ఉన్నాయి. ప్రాణం పోయాక కళ్లు మూసుకోవు. ఒకటి రెండు సార్లు ఊపిరి తీసినట్టు ఎగపోయొచ్చు, కండరాలు అదరొచ్చు, మూత్రం పోవచ్చు. అప్పటికే దానికి ఏమీ తెలియదు. ఇది ఎవరూ చెప్పకపోతే, "ఇంకా బతికే ఉండగా పూడ్చినమేమో" అన్న అనుమానం పట్టుకుంటుంది. నేను మాట్లాడినవాళ్లలో ఒకతను ఇదే అనుమానంతో రెండేళ్లు గడిపాడు. ఒక్క నిమిషం మాటతో పోయేదానికి రెండేళ్లు. మామునూరు వెటర్నరీ కాలేజీ నుంచో, దగ్గరి పశువుల దవాఖాన నుంచో ఒక డాక్టరుని పిలిపించి, గుండె ఆగిందని ఎలా చూస్తారో సిబ్బంది అందరికీ ఒకసారి చూపించమనండి. వినే గొట్టం వాళ్ల చెవికీ పెట్టమనండి.

ఈ మార్పులు అన్ని రకాల బాధలకూ కొంత పనికొస్తాయి. దృశ్యాలు వెంటాడేవాళ్లకు మరీ ఎక్కువ. ఇప్పటికే లోతుగా దెబ్బ తిన్నవాళ్లకు మాత్రం ఇవే చాలవు.

వంతులా, ఒక్కరేనా

అందరికీ వంతులు వేస్తే బరువు పంచుకున్నట్టవుతుంది. కానీ చేయి వణికే కొత్తవాడి వంతు వచ్చిన రోజు కుక్కకూ కష్టం, వాడికీ కష్టం. ఒక్కరికే అప్పజెబితే పని శుభ్రంగా జరుగుతుంది, ఆ ఒక్కరు మిగతావాళ్లకు వెలి అయిపోతారు. "గాయన సూది వేసేటాయన" అని పేరు పడుతుంది, టీ దగ్గర కూడా కొంచెం దూరంగా కూర్చుంటారు.

నేను ఎంచుకుంటే వంతులే, కానీ రెండు షరతులతో. నేర్చుకున్నవాళ్ల మధ్యే వంతులు వేయాలి. ఎవరైనా "ఈరోజు నావల్ల కాదు" అంటే కారణం అడగకుండా ఒప్పుకోవాలి. ఆ రోజు నేను ఆ పిల్లవాడికి ఇవ్వాల్సింది ఇదే.

ఆ కుక్కను చూసుకున్న మనిషి గదిలో ఉండాలా వద్దా అన్నదానికి ఒకే జవాబు లేదు. కొందరికి చివరిదాకా పక్కన ఉంటేనే మనశ్శాంతి, బయట ఉంచితే మోసం చేసినట్టు ఉంటుంది. కొందరు చూడలేరు. అడగండి. మీరే నిర్ణయించొద్దు. ఇంకో సంగతి, డాక్టరు వచ్చి సూది వేసి బండెక్కి పోతారు. పట్టుకున్నవాడూ, మోసినవాడూ, గుంత తవ్వినవాడూ అక్కడే ఉంటారు. సాయం గురించి మాట్లాడేటప్పుడు అందరం డాక్టర్లనే తలుచుకుంటాం గానీ, గుంత తవ్వే మనిషిని "నీకెట్లున్నది" అని అడిగినవాళ్లను నేను చూడలేదు.

ఉసురు పట్టుకున్నవాళ్లకు

తప్పు చేశామన్న బాధకు ఓదార్పు పనిచేయదు. "నువ్వు చేసింది కరెక్టే" అని పదిసార్లు చెప్పినా పదకొండోసారి "ఇంకో రెండు రోజులు ఆగితే లేచేదేమో" అనిపిస్తుంది. ఇక్కడ పనిచేసేది కాగితం. సూది వేయాలన్న నిర్ణయం కారణాలతో సహా రాతలో ఉండాలి, ఒక్కరి నోటి మాట మీద జరగకూడదు. ఆ కారణాలు ఇంగ్లీషులో ఫైలుకు ఎక్కి అక్కడే ఆగిపోతాయి. వాటిని తెలుగులో పైకి చదవండి, పట్టుకునే మనిషికీ గుంత తవ్వే మనిషికీ వినపడేలా. "నడుము ఎముక ఇక్కడ తెగింది. కాలు గిల్లితే తెలుస్తలేదు. ఇంతకంటే చేయగలిగింది లేదు." అడగదలచుకున్నది అప్పుడే అడగనివ్వండి. మా దగ్గర ఒకసారి అలా అడిగినందుకే డాక్టరు గారు ఇంకో రోజు ఆగి చూశారు. ఆ కుక్క బతకలేదు. కానీ అడిగిన మనిషి ఆ రాత్రి పడుకోగలిగింది.

ఇంటివాళ్ల నోట వచ్చే ఉసురు మాటకు కాగితం చాలదు. అలాంటప్పుడు నేను ఇంటికే వెళ్తాను. తల్లిదండ్రులకు ఆ కుక్క ఎలా ఉండేదో చెబుతాను. స్వర్గం దాకా వెంట వచ్చిన కుక్కను వదలనన్న ధర్మరాజు కథ మన పెద్దవాళ్లకు చెప్పనక్కర్లేదు. చివరి దాకా విడవకుండా ఉన్నది మీ పిల్లే అని చెబితే వాళ్లకు తొందరగానే అర్థమవుతుంది.

బయటి నుంచి వచ్చే మాటలు వేరు. ఒకవైపు "అన్నిటినీ చంపేయక ఎందుకు సాకుతున్నరు" అని కాలనీవాళ్లు, ఇంకోవైపు వాట్సాప్ గ్రూపుల్లో హంతకులని తిట్టే జంతుప్రేమికులు. ఆ ఫోన్లు, మెసేజీలు కింది సిబ్బంది దాకా పోకూడదు. జవాబు చెప్పేది నడిపేవాళ్లే కావాలి.

మాట్లాడించడంలో జాగ్రత్త

తోటివాళ్లతో మాట్లాడుకోవడం అన్నిటికంటే చవక, చాలామందికి అన్నిటికంటే మేలు. కానీ దీన్ని చెడగొట్టే మార్గం ఒకటుంది. సూది వేసిన గంటలోపే అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి, "ఒక్కొక్కరూ ఏమనిపించిందో చెప్పండి" అని బలవంతం చేయడం. నేను కూడా మొదట్లో అలాగే చేశాను. దారుణాన్ని చూసినవాళ్లను వెంటనే ఒకే ఒక్కసారి కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పించడం వల్ల మేలు లేదని, కొందరికి కీడు కూడా కావచ్చని పరిశోధనలు చెబుతున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఆ పద్ధతి వద్దంటుంది.

ఇప్పుడు మేం చేసేది చిన్నది. సూది వేసిన రోజు మిగతా పని అరగంట ఆపుతాం. టీ పెడతాం. మాట్లాడాలనుకున్నవాళ్లు మాట్లాడతారు, లేనివాళ్లు గ్లాసు పట్టుకుని కూర్చుంటారు. రెండు రోజుల తర్వాత నేనే ఒక్కొక్కరి దగ్గరికి వెళ్లి, "నిద్ర పడుతున్నదా, తింటున్నవా" అని అడుగుతాను. మన మనుషులు మనసు గురించి అడిగితే మాట దాటేస్తారు. నిద్ర గురించి, తిండి గురించి అడిగితే చెబుతారు. "పాణం ఒక తీరుగ ఉంటలేదు" అన్న మాట వినపడితే దాన్ని అక్కడ వదిలేయకండి.

దుఃఖానికీ అలసటకూ ఈ టీ, ఈ పలకరింపు సరిపోతాయి. ఉలిక్కిపాట్లకు సరిపోవు. పైగా ఒకరి భయం విని ఇంకొకరికి పట్టుకునే ప్రమాదం ఉంది. అలాంటి మనిషిని విడిగా తీసుకెళ్లి తర్వాతి మెట్టు చూపించాలి.

ఫోనా, దవాఖానా

టెలీ మానస్ అని ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన సేవ ఉంది. నంబరు 14416. డబ్బులు పడవు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. అవసరమైతే వాళ్లే పై డాక్టర్లకు కలుపుతారు. దీని బలం ఏమిటంటే ముఖం కనపడదు, కాజీపేటలో ఎవరో చూస్తారన్న బెంగ లేదు, రాత్రి రెండింటికైనా చేయవచ్చు. బలహీనత, మీ పని గురించి అవతలివాళ్లకు తెలియకపోవచ్చు. అందుకని మొదటి మాటగానే "నేను కుక్కల షెల్టర్‌లో పనిచేస్తాను, బతకలేని కుక్కలకు డాక్టరు సూది వేసేటప్పుడు పట్టుకుంటాను" అని చెప్పేయండి. లేకపోతే పావుగంట దాని చుట్టూ తిరగడంతోనే అయిపోతుంది.

వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ వైపు ఉన్నవాళ్లకు అక్కడి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రులు దగ్గర. ఓపీ చీటీ తీసుకుని లైన్లో నిలబడాలి, సగం రోజు పోతుంది, డాక్టరు గారికి మీకోసం ఉండే సమయం తక్కువ. ప్రైవేటులో సమయం ఎక్కువ ఇస్తారు, వారం వారం ఫీజు మన జీతాలకు భారం. ఫీజుకు షెల్టర్ సగమైనా పెట్టుకోగలిగితే పెట్టుకోవాలి. లేదంటే ఓపీకి వెళ్లిన రోజు జీతం కోయకండి, అది అందరం చేయగలిగిందే. "పిచ్చి డాక్టరు దగ్గరికి పోయిండు" అన్న మాటకు భయపడి ఆగేవాళ్లే ఎక్కువ. మీ వైద్యం వివరాలు రహస్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. తెలిసిన మనిషి ఒకరు తోడు వెళ్తే సగం భయం గుమ్మం దగ్గరే పోతుంది. నేను వెళ్లాను, చెట్టు కింద కూర్చుని వాళ్ల వంతు వచ్చేదాకా ఉన్నాను.

ఎప్పుడు డాక్టరు దాకా పోవాలి? దిగులు, దేని మీదా ఇష్టం లేకపోవడం రోజంతా ఉంటూ రెండు వారాలు దాటితే. పీడకలలు, ఉలిక్కిపాట్లు, ఆ గదిని తప్పించుకు తిరగడం నెల దాటినా తగ్గకపోతే. ఇవి టీ దగ్గరి మాటలతో పోయేవి కావు, మంచి చికిత్స ఉన్నవి.

"నేనుండి ఏం లాభం" లాంటి మాట వస్తే మాత్రం రోజులు లెక్కపెట్టకండి. ఆ మనిషిని ఒంటరిగా వదలకండి. నేరుగా అడగండి, అడిగితే ఆలోచన పుడుతుందన్నది అపోహ. 14416కు పక్కనే కూర్చుని ఫోన్ చేయించండి, ఆగలేని పరిస్థితైతే 108కి చేయండి. మందుల అలమారా తాళం చెవి ఆ రోజే ఆ మనిషి దగ్గర నుంచి తీసేయండి. అసలు ఏ షెల్టర్‌లోనైనా ఆ అలమారాకు రెండు తాళాలు, ఇద్దరు మనుషులు ఉండాలి. దీన్ని ఎవరి మీదా అనుమానంగా తీసుకోకూడదు.

స్నానం, దీపం, పుస్తకం

చావింటికి వెళ్లొస్తే మనం స్నానం చేయకుండా ఇంట్లోకి రాం. షెల్టర్ నుంచి మాత్రం అదే చొక్కాతో, అదే చేతులతో వెళ్లి పిల్లల్ని ఎత్తుకుంటాం. మా దగ్గర ఒక పెద్దాయన దీన్ని పట్టుకున్నాడు. సూది వేసిన రోజు అక్కడే బోరు దగ్గర తల మీద నీళ్లు పోసుకుని, బట్టలు మార్చుకుని కానీ కదలడు. అతన్ని చూసి అందరూ మొదలుపెట్టారు. ఖర్చు ఒక సబ్బు. పూడ్చేటప్పుడు ఎవరికి తోచినట్టు వాళ్లు పిడికెడు మట్టి వేస్తారు, ఒకరు దీపం పెడతారు, ఒకరు దువా చేస్తారు. ఎవరినీ చేయమనం, వద్దనం.

పేర్ల పుస్తకం కూడా ఉంది. పోయిన ప్రతి కుక్కకూ ఒక పేజీ: ఎక్కడ దొరికింది, ఏం తినేది, ఎవరు చూసుకున్నారు. దుఃఖానికి ఇది చాలా మంచిది. ఉసురు బాధ ఉన్నవాళ్లకు ఇవ్వకండి. వాళ్ల చేతిలో అది తప్పుల చిట్టా అవుతుంది. అదే మనిషికి నయమై దత్తత వెళ్లిన కుక్కల పుస్తకం రాసే పని ఇచ్చి చూడండి.

సాయంత్రం సీసా

నిజంగా ఎక్కువమంది ఎంచుకుంటున్నది ఇదే కాబట్టి చెప్పక తప్పదు. ఒక క్వార్టర్ వేస్తే నిద్ర పడుతుంది. ఆ నిద్ర నాలుగైదు గంటలే, తెల్లవారుజామున దిగులు రెట్టింపై మేల్కొలుపుతుంది, వారానికొకటి రోజుకొకటి అవుతుంది. తిట్టి మాన్పించలేం. సూది వేసిన సాయంత్రం ఆ మనిషి ఒంటరిగా బయల్దేరకుండా చూడండి, ఎవరైనా బండి మీద ఇంటి దాకా దింపిరండి. తాగుడు రోజువారీ అయితే అదే ఓపీలో దానికీ వైద్యం ఉంది.

పని మారడం

ఆపరేషన్ల వైపు, టీకాల క్యాంపుల వైపు, దత్తత పనుల వైపు కొన్ని నెలలు పంపడం ఒక మంచి దారి, ముఖ్యంగా మొద్దుబారినవాళ్లకు. టీకా వేయించుకుని తోక ఊపుకుంటూ పోయే కుక్కలు రోజుకు పాతిక కనపడితే మనిషి మెల్లగా తిరిగొస్తాడు. సెలవు కూడా మంచిదే. కానీ ఉలిక్కిపాట్లున్నవాళ్లకు ఉత్త సెలవిచ్చి ఇంట్లో కూర్చోబెడితే ఆ దృశ్యాలతో ఒంటరిగా వదిలేసినట్టే, వైద్యంతో కలిపే ఇవ్వాలి. పూర్తిగా మానేస్తానంటే మానేయనివ్వండి, నలుగురి ముందు మంచి మాట చెప్పి, రావాల్సిన జీతం చేతిలో పెట్టి పంపండి.

చేతిలో ఉన్నది కొంచెమే అయితే

ముగ్గురు మనుషులున్న చోట, నెలకు వెయ్యి రూపాయలు కూడా మిగలని చోట నన్ను అడిగితే ఇలా చెబుతాను. ఈ వారం గది ఖాళీ చేయండి, పరదా కట్టండి, 14416 నంబరు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయండి. వచ్చే నెల డాక్టరు గారితో ముందు మత్తు సంగతి మాట్లాడండి, కాగితం తెలుగులో చదవడం మొదలుపెట్టండి. కౌన్సెలర్ కోసం డబ్బు దొరికితే అందరికీ ఒక గంట క్లాసు పెట్టించే బదులు, నిద్ర పట్టని ఆ ఒక్క మనిషికి ఆరు సార్లు కూర్చునే వీలు కల్పించండి. 20 మంది ఉన్న ఏబీసీ కేంద్రమైతే వంతుల పట్టికతో మొదలుపెట్టండి, అక్కడ బరువంతా ఇద్దరి మీదే పడి ఉంటుంది, మీకు తెలియకుండానే.

పోయిన ఏడాది ఆ పిల్లవాడు హనుమకొండ చౌరస్తాలో కనిపించాడు. మొబైల్ షాపులో పనిచేస్తున్నాడు. నేను అన్న మాటకు క్షమించమని అడిగాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అక్కా, దాని కండ్లు మూసుకోలే. బతికుండంగనే పెట్టినమా?" అని అడిగాడు. అక్కడే ఫుట్‌పాత్ మీద నిలబడి, కళ్లు ఎందుకు మూసుకోవో, డాక్టరు గారు గుండె మీద గొట్టం పెట్టి ఎంతసేపు విన్నారో మొత్తం చెప్పాను.